దిక్కులమ్మ

“కొత్తింట్లో అడుగుపెట్టిన రోజున పాలు పొంగిస్తారు. ఇలా ఒక్క పూటలో మూడుసార్లు పొంగించే ఇల్లు నేనెక్కడా చూళ్ళేదు,” అని వెంకటనరసమ్మ అప్పటికి చాలాసేపటినుంచీ అంటూనే ఉంది. కొడుకుని అనదు. కుంపటి దగ్గర కూర్చున్న కోడల్ని అంటుంది. “వాడంటే మగవాడు, వాడికేం తెలుసు. నీకు తెలియొద్దటే? ఉన్న పాలన్నీ నేలపాలు చేశావు. మళ్ళీ గిన్నె పెడుతున్నావు.”

“ఆయనే పెట్టమన్నారండీ, అత్తయ్యగారూ,” అంది నాగరత్నం, బొగ్గులు విసురుతూ.

“పెట్టమన్నాడట! తక్కినవన్నీ వాడు చెప్పినట్టే చేస్తున్నావు కాబోలు.”

“అమ్మా, కాస్సేపు ఊరుకోవే. వెలుతురు పోతోంది,” అన్నాడు చలపతిరావు.

ఆయన మాట నేల మీదనుంచి వచ్చింది. ఏలూరు కోర్టులో కోటు వేసుకుని నిలబడి మాట్లాడే మనిషి, పవరుపేటలో తన ఇంటి పెరట్లో, పొద్దున్నే పేడనీళ్ళు చల్లిన నేల మీద పంచె ఎగ్గట్టి బోర్లా పడుకుని ఉన్నాడు. కళ్ళకి ఎదురుగా ఆ నల్లటి కెమేరా. మద్రాసునుంచి తెప్పించాడు. కీ ఇచ్చి వదిలితే కర్రుమని తిరుగుతుంది, తిరిగినంతసేపూ బొమ్మలు కదిలేటట్టు పట్టుకుంటుంది. దాని ముందు, కుంపటికి ఇవతల, వాళ్ళ మూడేళ్ళ కూతురు కామేశ్వరి గొంతుక్కూర్చుని గిన్నెలోకి చూస్తోంది. బుగ్గ మీద నాయనమ్మ పెట్టిన దిష్టిచుక్క.

పాలు అంచుదాకా వచ్చాయి. పాప నోరు తెరిచింది. కళ్ళు పెద్దవి చేసింది. పాలు ఉబికి, అంచు దాటి, కుంపటి మీద సుయ్యిమన్నాయి. పాప రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, “అబ్బో!” అంది.

“చూశారా, చూశారా, ఎలా చూస్తోందో!” అన్నాడు చలపతిరావు, ఎవరితోనో. “ఈ చూపు కోసమే కదూ!”

కుంపటి ముందు కూర్చున్న నాగరత్నం మాడిన పాల కంపుకి పైట చెరగుతో ముక్కు మూసుకుంది. కుంపటి బయటికి మోసుకొచ్చింది ఆమే. వంటింట్లో చీకటి, బొమ్మ పడదట. లోపలికి మోసుకెళ్ళేదీ ఆమే. గిన్నెకి అంటిన మాడు ఇటుకపొడి వేసి తోమేదీ, మామగారికి మధ్యాహ్నం కాఫీలోకి పాలెక్కడివని అత్తగారు అడిగితే తలొంచుకు నిలబడేదీ ఆమే.

చలపతిరావు తీస్తున్న బొమ్మలో కథ లేదు. ఊళ్ళోకి టాకీలు వచ్చి నాలుగైదేళ్ళయింది, తెరమీద రాజులూ రాణులూ పద్యాలు పాడుతూంటే జనం బళ్ళు కట్టుకు వస్తున్నారు. ఈయన మాత్రం మాటా పాటా లేని బొమ్మ తీస్తానన్నాడు. మూడేళ్ళ పిల్ల పొద్దున్న లేచిందగ్గర్నుంచి నిద్రపోయేదాకా వేటిని చూసి ఆశ్చర్యపోతుందో అవి. అంతే. తోటి ప్లీడర్లు నవ్వారు. మిషను స్కూల్లో డ్రాయింగు మేష్టారు సత్యానందం ఒక్కడే నవ్వలేదు. ఆయనకీ ఈ ఫోటోల పిచ్చి ఉంది. “చేసి చూద్దామండీ చలపతిరావుగారూ. ఎవరూ చెయ్యనిది కదా,” అన్నాడు.

అలా నెలరోజులనుంచీ ఆ ఇంట్లో పాప చూస్తోంది, నాన్న పట్టుకుంటున్నాడు. ముగ్గుపిండిని చీమలు మోసుకుపోవడం చూసింది. చీమలొచ్చేసరికి ముగ్గు చెరిగిపోయిందని ఎర్రటి ఎండలో నాగరత్నం మళ్ళీ ముగ్గు వేసింది. బట్టలుతికే బండ మీద సబ్బునురగ ఎండకి రంగులు మారడం చూసింది. ఆ వేళ ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది నాగరత్నం. చేదలో ఊగే ఆకాశం చూసింది. పాప చూపు సరిగ్గా కుదిరేదాకా నాగరత్నం నూతిలోంచి నీళ్ళు తోడుతూ, పారబోస్తూ, తోడుతూ ఉంది. కవ్వం చుట్టూ వెన్న తేలడం, చేటలో బియ్యం ఎగిరి మళ్ళీ చేటలోకే దిగడం. ఆ పిల్ల ఆశ్చర్యాలన్నీ ఒక్కొక్కటీ తను చేసే పనే. పని తనది, ఆశ్చర్యం పిల్లది, మెచ్చుకోలు ఆయనది. ఒకసారి కెమేరా తనవైపు తిరిగింది. చేతిలో చేంతాడు పట్టుకుని, పైట సర్దుకుని నిలబడింది నాగరత్నం. “తప్పుకోవోయ్, నీ నీడ పడుతోంది,” అన్నాడాయన.

తప్పుకుంది. తప్పుకున్న తర్వాత చాలాసేపు ఆమె తన కూతురిని చూస్తూ నిలబడింది. ఏమిటిది, ఇంత మంట ఎందుకు నాకు? కడుపుమంట అంటారే, అది ఇరుగుపొరుగు మీదా తోడికోడళ్ళ మీదా పుట్టేది కదా. ఆ కడుపులోంచి వచ్చిన పిల్లమీద పుడుతుందా ఎవరికైనా? నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసిన పిల్ల. జ్వరం వస్తే తనకి తిండి సయించని పిల్ల. దాని పాలు తాగే గ్లాసు మీద కుళ్ళు లేదు, దాని పట్టుపరికిణీ మీద లేదు. అది తన పాటికి తను నిలబడి ఒక వస్తువుని చూస్తూంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనరే, దాని మీద. అనకపోగా నాన్న నేల మీద పడుకుని మరీ చూస్తాడే, దాని మీద. ఆయన ఎవరి ముందైనా అంత కిందికి వంగడం నాగరత్నం పెళ్ళయి ఇన్నేళ్ళలో చూడలేదు.

తను చూడలేదా ఒకప్పుడు? తాడేపల్లిగూడెంలో పుట్టింటి దొడ్డెనక చేమమొక్కలుండేవి. పొద్దున్నే ఆకుల మీద నీటిబొట్టు పాదరసంలా అటూ ఇటూ దొర్లేది. ఆకుని కాస్త వంచితే దొర్లి, ఆగి, మళ్ళీ దొర్లేది. దాన్ని చూస్తూ నిలబడితే అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి వేసి, “ఆడపిల్లవి, ఆ దిక్కులు చూడ్డమేమిటే!” అంది. ఆ తర్వాత ఈ ఇంటికి కాపరానికి వచ్చింది, పధ్నాలుగో ఏట. వచ్చిన కొత్తలో నూతి దగ్గర చేద పైకి లాగి చూసేసరికి అందులో ఒక మబ్బు ఉంది. చేద కదిలితే మబ్బు విరిగింది. కదలకుండా పట్టుకుంటే మళ్ళీ అతుక్కుంది. ఎంతసేపు చూసిందో ఆమెకి తెలీదు. పొయ్యి మీద పప్పు మాడి వీధిలోకి వాసన పోయింది. అత్తగారు తిట్టలేదు, కొట్టలేదు. భోజనాల దగ్గర అందరి ముందూ విస్తట్లో ఆ మాడుపప్పు వడ్డించి, “మన దిక్కులమ్మ చేసిన పప్పు, తినండి,” అంది. మామగారు నవ్వారు. అప్పుడు కాలేజీలో చదువుకుంటూన్న చలపతిరావు పొలమారేంతగా నవ్వాడు.

అంతే, ఆ పేరు నిలిచిపోయింది. కిటికీలోంచి చూస్తే దిక్కులమ్మ. గుళ్ళో గోపురంకేసి తలెత్తితే దిక్కులమ్మ. పిల్ల పుట్టేదాకా అదే పిలుపు. నాగరత్నం అలవాటు పడింది. చేద పైకి వస్తే నీళ్ళు బిందెలో పొయ్యడం, మబ్బు ఉందో లేదో చూడకపోవడం నేర్చుకుంది. ఇన్నాళ్ళకి అదే నూతి దగ్గర, అదే చేదలోకి అదే మబ్బుని చూస్తూ కూతురు నిలబడితే దానికి ఈ ఇంట్లో పెట్టిన పేరు ఆశ్చర్యం.

బొమ్మకి ఆఖరి రీలు కొల్లేటిలో తియ్యాలన్నాడు చలపతిరావు. మాఘమాసం, సరస్సు నిండా గూడబాతులున్నాయట, పాప వాటిని చూడాలి. “రత్నం కూడా వస్తుంది,” అన్నాడు అమ్మతో.

ఆ మాట విని నాగరత్నానికి ఆ పూటంతా చేతులు నిలవలేదు. ఏలూరొచ్చి ఇన్నేళ్ళయినా, ఇంత దగ్గరున్న కొల్లేరు ఆమె చూడలేదు. దానిమీదనుంచి వచ్చే చేపలబుట్టల వాసనే తెలుసు. పెట్టెలోంచి నీలం నేతచీర తీసి మడతలు విప్పింది.

“వస్తుంది కదా, బియ్యం, పప్పు, చింతపండు, గిన్నెలు అన్నీ సర్దుకోమను. బయటి తిండి వీడికి పడదు,” అంది అత్తగారు.

చీకటితోనే జట్కాలో బయలుదేరారు. గట్టు దగ్గర దిగేసరికి తెల్లవారుతోంది. దోనె చిన్నది. గెడ వేసే మనిషి, చలపతిరావు, ఒళ్ళో పాప, కెమేరా స్టాండు పట్టుకుని సత్యానందం. నాగరత్నం చీరకుచ్చెళ్ళు పైకి పట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది.

“నువ్వు కూడా ఎక్కితే ఒరుగుతుందోయ్. మేం వచ్చేసరికి అన్నం వార్చి ఉంచు. పాప ఆకలికి ఆగదు,” అన్నాడాయన.

“మళ్ళీ దఫా అమ్మగారిని తీసుకెళ్దామండీ,” అన్నాడు సత్యానందం మొహమాటంగా. దోనె కదిలింది.

గాలి సరస్సు మీదనుంచే కొడుతోంది. మూడు రాళ్ళు పెట్టి అంటించిన మంట గాలికి ఆరిపోతోంది. అటు తిరిగి కూర్చుంది, ఇటు తిరిగి కూర్చుంది. చివరికి ఒక్కటే దారి కనిపించింది. సరస్సుకి వీపు పెట్టి, పైట చెరగు రెండు చేతులా పరిచి, తన ఒళ్ళే దడిగా చేసి కూర్చుంటే మంట నిలిచింది. వీపు వెనక నీళ్ళమీద ఏవో పెద్ద రెక్కలు ఒక్కసారిగా లేచిన చప్పుడయింది, వందల కొద్దీ. తిరిగి చూడబోయింది. మంట వాలింది. మళ్ళీ ఇటు తిరిగింది. అలా కొల్లేరు వెళ్ళి, కొల్లేటి గట్టున పూటంతా కూర్చుని, నాగరత్నం చూసింది అన్నం గిన్నె.

దోనె తిరిగొచ్చింది. పాప దిగుతూనే పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, అమ్మా! ఎంత పిట్టో! మూతికి సంచీ ఉందమ్మా! ఆ సంచీలో చేప వేసుకుందీ! నువ్వు చూశావా?”

“లేదు.”

“నీళ్ళలో ఇంకో పిట్ట ఉందమ్మా, తలకిందులుగా! అది కూడా సంచీ వేసుకుందీ!”

పొగకి నాగరత్నం కళ్ళు మండుతున్నాయి. ఆకు వేసి, అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. పాప ముద్ద తీసుకోలేదు. తల్లి భుజం మీదనుంచి సరస్సుకేసి చూస్తోంది, నోరు తెరుచుకుని. ఆ చూపే. కెమేరా పెట్టెలోకి వెళ్ళిపోయింది, ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు, ఇప్పుడు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అయినా పిల్ల చూస్తోంది. తన వెనక ఉన్నదాన్ని, తను చూడనిదాన్ని, తన భుజం మీదనుంచే చూస్తోంది.

నాగరత్నం పిల్ల గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది, అవసరమైనదానికంటే గట్టిగా.

“దిక్కులు చూడకు! తిను ముందు!”

పాప తెల్లబోయి ముద్ద నోట్లో పెట్టించుకుంది. మారాం చెయ్యలేదు, ఏడవలేదు. అన్నం అయిపోయేదాకా ఆకులోకే చూస్తూ తింది. నాగరత్నానికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు జట్కాలో ఇంటిదాకా ఆమె పిల్ల మొహంకేసి చూడలేకపోయింది.

రీళ్ళు కడిగించడానికి బొంబాయి పంపారు. అవి తిరిగొచ్చేదాకా నాగరత్నం రోజూ పోస్టుమాన్ కోసం ఎదురుచూసింది. ఆయన ఎదురుచూసిన దానికంటే ఎక్కువే చూసింది. ఎవరికీ చెప్పలేదు కానీ, ఆమె లోపల ఒకటి నిర్ణయించుకుని ఉంది. పోనీ, బొమ్మలోనైనా చూస్తాను. ఆ నీళ్ళూ, ఆ మూతికి సంచీ ఉన్న పిట్టా, తలకిందుల పిట్టా. దుప్పటి మీద ఆడిస్తారు కదా, అప్పుడు ఇటు తిరిగి, రెండు కళ్ళతోనూ చూస్తాను.

ఫాల్గుణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం సత్యానందం ఎవరిదగ్గరో అరువు తెచ్చిన బొమ్మల మిషన్‌తో వచ్చాడు. మోటారు బ్యాటరీతో దీపం వెలుగుతుంది, చేత్తో తిప్పాలి. హాలు తలుపులూ కిటికీలూ మూసి గొంగళ్ళు వేలాడదీశారు. గోడకి తెల్ల దుప్పటి కట్టింది నాగరత్నం. మామగారు పడక్కుర్చీలో, అత్తగారు పీట మీద, పాప నాయనమ్మ ఒళ్ళో. నాగరత్నం తలుపువారగా నిలబడింది.

దుప్పటి మీద వెలుతురు పడింది. పాప వచ్చింది.

“ఓయమ్మ, నా తల్లే!” అంది అత్తగారు, బుగ్గలు నొక్కుకుని. “చూడండి, కదులుతోంది!”

చీమలు నడిచాయి. నురగ మెరిసింది. పాలు పొంగాయి, ఒకే ఒక్కసారి, ఎంతో అందంగా. మాడిన కంపు లేదు. కుంపటి దానంతటదే పెరట్లో మొలిచినట్టుంది, చేద దానంతటదే నూతిలోంచి పైకి వచ్చినట్టుంది. ఎక్కడా ఒక చెయ్యి లేదు. నూతి దగ్గర పాప చేదలోకి వంగి చూస్తూండగా, ఆ పిల్ల మీదుగా పొడుగ్గా ఒక నీడ వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

“ఈ నీడ చాలా బావుందండీ. కావాలని వేశారా?” అన్నాడు సత్యానందం మిషన్ తిప్పుతూనే.

“అబ్బే, పొరపాటండీ. మా ఆవిడ అడ్డొచ్చింది. కత్తిరించేస్తాను,” అన్నాడు చలపతిరావు.

నాగరత్నం కొల్లేటి కోసం చూస్తోంది.

కొల్లేరు వచ్చింది. ముందు దోనె అంచు. అంచు పట్టుకుని నిలబడ్డ పాప వీపు. పాప నెమ్మదిగా ఇటు తిరిగింది. నోరు తెరిచి ఉంది, కళ్ళు ఎక్కడో దూరంగా. పడక్కుర్చీలో మామగారు ముందుకి వంగారు. అప్పుడు నాయనమ్మ ఒళ్ళోంచి పాప లేచి నిలబడింది. దుప్పటి మీదున్న తనకేసి వేలు చూపించి, గొంతు పెంచి అంది.

“దిక్కులు చూడకు! తిను ముందు!”

ఇల్లు దద్దరిల్లేటట్టు నవ్వారు. సత్యానందం నవ్వుకి బొమ్మ వణికింది. మామగారు కళ్ళు తుడుచుకున్నారు. అత్తగారు మనవరాలిని ముద్దు పెట్టుకుని, “అచ్చం నాలాగే అందిరా!” అంది మురిసిపోతూ.

పాప అత్తగారిలా అనలేదు. ఆ గొంతు ఎవరిదో తలుపువారగా నిలబడ్డ మనిషికి తెలుసు. ఆ విరుపు తనది, ఆ “ముందు” అన్నచోట పళ్ళు బిగించడం తనది. తాడేపల్లిగూడెంలో అమ్మ వీపు మీద వేసిన దెబ్బ, ఈ ఇంట్లో మాడుపప్పుతోపాటు వడ్డించిన పేరు, అన్నీ దాచిపెట్టి దాచిపెట్టి తనే పిల్లకి తినిపించింది, ముద్దతోపాటు. ఎన్నాళ్ళు చూస్తుంది పాపం, ఈ పిల్ల? దాని చూపు ఒక బొమ్మ పూర్తయ్యేదాకా. ఆ తర్వాత దానికీ ఒక చేద ఇస్తారు. అప్పుడది మబ్బుకేసి చూస్తే ఎవరూ నేలమీద పడుకోరు. ఇన్నాళ్ళూ దీన్ని చూసేనా తను కుళ్ళుకుంది? రేపో మాపో తన పక్కన నిలబడబోయే దాన్ని చూసి?

“ఇప్పుడొస్తాయి పిట్టలు,” అన్నాడు చలపతిరావు.

దుప్పటి మీద ఒక తెల్లటి మరక లేచింది. అది పెద్దదై, నీళ్ళనీ దోనెనీ పాపనీ మింగేసి, దుప్పటంతా వట్టి తెలుపైపోయింది. మిషన్ కటకటలాడుతూ తెలుపునే తిప్పింది.

“వెలుతురు సోకిందండీ రీలుకి. కెమేరాలోంచి తీసేటప్పుడు గొంగళి సరిగ్గా కప్పలేదు మనం,” అన్నాడు సత్యానందం నీరసంగా.

“పిట్ట ఏదీ? సంచీ పిట్ట ఏదీ నాన్నా?” అంది పాప.

పాప ఒక్కతే అడిగింది. అడగని మనిషి దుప్పటి తెలుపుకేసి చూస్తూ నిలబడింది, ఇంకా ఏమైనా వస్తుందేమోనని. రాలేదు.

గొంగళ్ళు తీశారు. ఎండ గదిలోకి వచ్చేసరికి అందరూ కళ్ళు చికిలించారు. చలపతిరావు కాస్సేపు అటూ ఇటూ పచార్లు చేసి, చేతిలో చెయ్యి చరుచుకున్నాడు.

“పోనీలెండి, మేష్టారూ. ఎండలు ముదిరితే పిట్టలు ఉండవు. వచ్చే ఆదివారమే మళ్ళీ వెళ్దాం. రత్నం, ఆ గిన్నెలవీ చూసుకో. ఈసారి కాస్త పెందరాళే బయలుదేరాలి.”

నాగరత్నం దుప్పటి ముడులు విప్పుతోంది. రెండో ముడి విప్పి, కొంగులు కలిపి, మడత పెట్టి, చంకలో పెట్టుకుంది. తర్వాత ఇటు తిరిగింది.

“గిన్నెలు తేనండీ. ముందురోజు రాత్రే పులిహోర కలిపేస్తాను, పొద్దుటికి పాడవదు. గట్టుమీద పొయ్యి పెట్టను. దోనెలో నేనూ పాపా ఎక్కుతాం.”

గొంతు పెద్దది చెయ్యలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుగా అంది. అందుకే అందరూ విన్నారు.

“దోనె ఒరుగుతుందోయ్,” అన్నాడు చలపతిరావు.

“చోటు చాలకపోతే నేను గట్టుమీద ఉంటానండీ. స్టాండు లేకుండా చేత్తో పట్టుకు తియ్యొచ్చు,” అన్నాడు సత్యానందం, తన వేళ్ళకేసి చూసుకుంటూ.

“స్టాండు లేకపోతే బొమ్మ వణుకుతుంది కదండీ.”

“వణకనివ్వరా,” అన్నారు పడక్కుర్చీలోంచి మామగారు. అని, అలా అన్నందుకు తనే ఆశ్చర్యపోయినట్టు మళ్ళీ వెనక్కి వాలిపోయారు.

వెంకటనరసమ్మ ఒకసారి మొగుడికేసి, ఒకసారి కొడుకుకేసి చూసింది. తర్వాత కోడలివైపు తిరిగింది.

“బానే ఉంది సంబడం. వంట లేదు, వార్పు లేదు. మరి నువ్వు అక్కడికెళ్ళి చేసే పనేమిటి?”

పాప నాయనమ్మ ఒళ్ళోంచి దిగి వచ్చి తల్లి కుచ్చెళ్ళు పట్టుకుంది. నాగరత్నం పిల్ల తలమీద చెయ్యి వేసింది.

“దిక్కులు చూస్తానండీ, అత్తయ్యగారూ.”